ఇంటర్నెట్టు వాడుకకు తొలిపాఠము

ఇంటర్నెట్టనిన ఇంగ్లీషు చదివినవారి విద్యయని మన రైతు సోదరులు కొందరు వెనుదీయుచున్నారు. ఫోనులో తెలుగు కలదు. వ్రాయుట రానివారు మైకు గుర్తును తాకి నోటితోనే అడుగవచ్చును. ధరలతో ప్రారంభింపుడని మా సలహా. "గుంటూరు మిరప ధర" యని అడిగినచో పలు సైట్ల పేర్లు వరుసగా వచ్చును. పైన నున్నదెల్ల నమ్మరాదు; డబ్బిచ్చి పెట్టించుకొన్న ప్రకటనలును అందుండును. సైటు పేరు 'గవ్.ఇన్' అని ముగిసినచో అది ప్రభుత్వముది. 2016లో ప్రారంభమైన ఈ-నామ్ అట్టిదే. ధరతోపాటు తేదీని, యార్డు పేరును తప్పక చూడవలెను. గతవారపు ధరను నమ్మి నేడు సరకు తోలినచో కిరాయి కూడ గిట్టదు.

పైకము విషయమున మిక్కిలి జాగ్రత్త వలయును. యు.పి.ఐ.లో పైకము పంపుటకు పిన్ను కావలెను గాని, పుచ్చుకొనుటకు అక్కరలేదు. "మీకు సబ్సిడీ వచ్చినది, పిన్ను నొక్కుడు" అనువాడు దొంగయే. బ్యాంకు పంపు ఓటీపీ అంకెలను ఎవ్వరికిని, మన సంఘ కార్యదర్శి అడిగినను సరే, చెప్పరాదు. ఒకవేళ మోసపోయినచో సిగ్గుపడి దాచక, తక్షణమే 1930 నంబరుకు ఫోను చేయవలెను. ఆలస్యమైనకొలది పైకము ఖాతాలు మారిపోవును. పిదప పట్టుట కష్టము.