రైలులో విడిచిన చోటు

ఆలేరు మీదుగా పోవు సికింద్రాబాదు–కాజీపేట మార్గము నెరిగినవారికి రైలుపెట్టెలోని రద్దీ క్రొత్త గాదు. కావలెననియే చోటు ఖాళీగా విడిచిన దినములును కలవు. కరోనా నిర్బంధకాలమున, 2020 మే 1వ తేదీ వేకువన, వలసకూలీలకై దేశమున తొలి శ్రామిక ప్రత్యేకరైలు లింగంపల్లి నుండి జార్ఖండ్‌లోని హటియాకు బయలుదేరెను. పెట్టెలు 24; పెట్టెకు పడకలు 72. ఎక్కించినది మాత్రము పెట్టెకు 54 మందినే. మొత్తము సుమారు 1200 మంది.

రోగము సోకకుండ ఎడము పాటింపవలెను గదా! లోపలివారిపట్ల అది కరుణయే. కాని కాయకము పోయి, కూలి లేక, పిల్లలను చంకనెత్తుకొని రహదారుల వెంట నడచినవారు లక్షలు. పెట్టెకు 18 పడకలు ఖాళీగా పోవుచుండ, ఆ జాగ్రత్త వారికేమి మేలు చేసెను?

మే 11న రైల్వేశాఖ నియమము మార్చెను. పడకలన్నియు నింపవచ్చును, గమ్యరాష్ట్రమున మూడు చోట్ల ఆపవచ్చును. రైలుకు దాదాపు 1700 మంది. ఇది లెక్కలవారి పొదుపు మాత్రమే యనుట సరికాదు. దాసోహపు వడ్డన పంక్తిలో కూర్చున్నవారితో ముగియునా? వాకిట నిలిచినవారి విస్తరియు లెక్కలోనిదే. అయినను, నిండిన పెట్టెలో దగ్గువాని ప్రక్కన కూర్చున్న గర్భిణి భయమును ఆ క్రొత్త నియమము తీర్పలేదు.