గ్రంథాలయ సాఫ్ట్‌వేర్ – రెండు లిపులు

గ్రంథాలయమనగానే మనకు బీరువాలు, పట్టికకార్డులు స్ఫురిస్తాయి. నేడు ఆ కార్డుల పనిని సాఫ్ట్‌వేర్ నిర్వహిస్తున్నది. దాని నిర్మాతల చరిత్ర విద్యార్థులు తెలుసుకోదగినది.

న్యూజిలాండులోని హొరొవెనువా గ్రంథాలయాలవారికి తమ పాత కంప్యూటరు వ్యవస్థ 2000 సంవత్సరం దాటి పనిచేయదని తెలిసింది. కటిపో అనే సంస్థచేత క్రొత్తది వ్రాయించి, 2000 జనవరిలో వాడుకలోకి తెచ్చి, దాని కోడును లోకానికి ఉచితంగా ఇచ్చివేశారు. పేరు ‘కోహా’; మావోరీ భాషలో కానుక. ప్రతికానుక ఇవ్వడం ఆ సంప్రదాయంలో భాగం. హైదరాబాదులో వెరస్ సొల్యూషన్స్ వారు నిర్మించిన ‘న్యూజెన్‌లిబ్’ కూడా 2008లో ఆ మార్గమే పట్టింది.

ఉచితమన్న మాటకు మనవారు తేలికగా మురిసిపోతారు. కోడు ఉచితమే కాని శ్రమ కాదు. గాలిబ్ పేరు తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో మూడు విధాల నమోదైతే యంత్రానికి ముగ్గురు గాలిబులు. ఒక లిపిలో వెదకిన విద్యార్థికి మిగిలిన రెండు లిపుల పుస్తకాలు కనబడవు. ఆ ముగ్గురూ ఒకరేనని ఎవరో ఒకరు నమోదు చేయాలి. ఉర్దూ కుడినుండి ఎడమకు సాగినా, అందులోని అంకెలు ఎడమనుండి కుడికే నడుస్తాయి. తెరపై అవి తారుమారైతే గుర్తుపట్టి ప్రోగ్రామర్లకు తెలుపవలసినవారు ఆ భాష చదివేవారే. కోహా తెరమీది మాటలను అనేక భాషలలోకి తెచ్చినవారిలో స్వచ్ఛంద సేవకులు ఎందరో.

నాగార్జునకొండ ప్రాకృత శాసనాల ప్రక్కనే ఉన్న మా విజయపురి సౌత్‌కు పలు లిపులు క్రొత్త కావు. ఈ పనికి ప్రోగ్రామింగు రానక్కరలేదు. పట్టిక తయారుచేసేనాడు ఉర్దూ, తెలుగు రెండూ చదవగల విద్యార్థులు ఇద్దరిని గ్రంథపాలకునికి తోడుగా కూర్చోబెట్టవలసిందని కమిటీవారిని కోరుతున్నాము.