మేడం గారి సన్మానంలో ఏం మాట్లాడాలి?

చిరంజీవి మనవరాలికి,

డిసెంబరు 14న కరెంటు పొదుపు నేర్పినందుకు మీ బడిలో సైన్సు మేడం గారికి సన్మానం చేస్తున్నారనీ, పిల్లల తరఫున నిన్ను మాట్లాడమన్నారనీ మీ నాన్న ఫోనులో చెప్పాడు. ఉపన్యాసం నన్ను రాసి పంపమన్నావట. నేను రాసిస్తే అది నా ఉపన్యాసం అవుతుంది తల్లీ. అందుకని ఏయే సంగతులు చెప్పాలో మాత్రం రాస్తున్నాను. మాటలు నువ్వే కూర్చుకో.

ముందు ఆ తేదీ సంగతి. ఏటా డిసెంబరు 14ను జాతీయ ఇంధన పొదుపు దినోత్సవంగా జరుపుతారు. మన దేశంలో ఇంధన పొదుపు చట్టం 2001లో వచ్చింది. ఆ చట్టం కింద 2002 మార్చి 1న బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియన్సీ ఏర్పడింది. ఫ్రిజ్ మీద, ఏసీ మీద నువ్వు చూసే నక్షత్రాలు ఆ బ్యూరో ఇచ్చేవే. ఏటా ఆ రోజున ఢిల్లీలో ఇచ్చే జాతీయ అవార్డులు ఎక్కువగా ఫ్యాక్టరీలకు, పెద్ద భవనాలకు, సంస్థలకు వెళ్తాయి. అది న్యాయమే. ఫ్యాక్టరీ ఎంత ఆదా చేసిందో దాని మీటరే చెబుతుంది, కాగితం మీద చూపించవచ్చు.

టీచరు చేయించిన ఆదాకి అలాంటి మీటరు లేదు. ఆవిడ చెప్పిన పాఠం నలభై మంది పిల్లలతో నలభై ఇళ్ళకు వెళ్తుంది. ఒక ఇంట్లో ఫ్యాను ఆగుతుంది, ఇంకో ఇంట్లో పాత బల్బు మారుతుంది. ఆ లెక్క ఎవరి ఖాతాలోనూ పడదు. అందుకే ఆవిడకు సాక్షులు కావాలి. ఆ రోజు వేదిక మీద నువ్వు సాక్షివి. ‘మేడం గారు మాకు ఎంతో అవగాహన కల్పించారు’ అని చెప్పి దిగిపోకు. ఆ మాట ఏ బడిలో ఏ టీచరు గురించైనా అనవచ్చు. ఏం నేర్పారో, ఎలా నేర్పారో విడమరిచి చెప్పు.

దసరా సెలవుల్లో వచ్చినప్పుడు నువ్వు చెప్పిన మీటరు ప్రయోగం ఉంది చూడు, దానితోనే మొదలుపెట్టు. కరెంటు కంటికి కనపడదు, టీచరుకు అదే పెద్ద చిక్కు. కుళాయి వదిలేస్తే నీళ్ళు పారడం పిల్లలు చూస్తారు. ఖాళీ గదిలో ఫ్యాను తిరిగితే ఏం పోయిందో ఎవరికీ తెలియదు. మీ మేడం గారు మిమ్మల్ని మీటరు దగ్గరికి తీసుకెళ్ళి, దాని మీద మిణుకుమిణుకుమనే చిన్న ఎర్ర దీపాన్ని చూపించారు. పక్కన అచ్చువేసిన 3200 అనే అంకెను చదివించారు. ఆ దీపం అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్ కాలినట్టు. మిగతావన్నీ ఆపించి ఒక్క ఫ్యాను ఫుల్ స్పీడులో పెట్టించారు. ఒకరు గడియారం పట్టుకుంటే ఇంకొకరు నోటుబుక్కులో గీతలు గీశారు. 75 వాట్ల ఫ్యానుకి పది నిమిషాల్లో 40 గీతలు వస్తాయి. 60 వాట్ల పాత బల్బుకి 32. దాదాపు అంతే వెలుగిచ్చే 9 వాట్ల ఎల్ఈడీకి అయిదు కూడా నిండవు. ఇదంతా మీటరును ఎవరూ ముట్టుకోకుండా, నేల మీద సుద్దగీత గీసి దాని ఇవతలే నిలబెట్టి చేయించారని చెప్పావు. కరెంటు శాఖలో ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి ఆ జాగ్రత్త విలువ నాకు బాగా తెలుసు. సభలో అది తప్పకుండా చెప్పు.

తర్వాత ఆవిడ మీ చేత వేయించిన లెక్క చెప్పు. గదికి నాలుగు ఫ్యాన్ల చొప్పున పది గదులు. భోజనానికి వెళ్ళిన గంటసేపు అవి ఊరికే తిరిగితే రోజుకి 3 యూనిట్లు. బడి 220 రోజులు నడిస్తే 660 యూనిట్లు. బొగ్గుతో తయారయ్యే కరెంటుకి యూనిట్‌కి అరకిలో పైనే బొగ్గు కాలుతుంది. అంటే మూడు క్వింటాళ్ళ పైన బొగ్గు, ఎవరికీ గాలి తగలకుండానే బూడిదైపోతుంది. విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రానికి బొగ్గు ఒడిశా గనుల నుంచి, సింగరేణి నుంచి రైళ్ళ మీద రావాలి. అక్కడ తయారైన కరెంటులో కొంత దారిలో తీగల్లోనే వేడిగా పోతుంది. అందుకే ఇక్కడ ఒక యూనిట్ మిగిలిస్తే అక్కడ ఒక యూనిట్ కంటే ఎక్కువే మిగులుతుంది.

ఇంకో మాట. పొదుపంటే ఉక్కలో కూచోవడం కాదు, గుడ్డి వెలుతురులో చదువుకోవడం కాదు. మనుషులున్న గదిలో ఫ్యాను తిరగాల్సిందే. మనుషులు లేని చోట ఆపడం, అవసరమైన చోట తక్కువ కరెంటుతో అదే పని చేయించుకోవడం, ఇదీ పొదుపు. పిల్లలకు ఈ తేడా తెలియజెప్పిన టీచరు గొప్ప టీచరు. బడి బిల్లు తగ్గినంత మాత్రాన పాఠం ఫలించిందని అనుకోకూడదు. సెలవులు ఎక్కువైనా, ఫ్యాన్లు పాడై మూలన పడ్డా బిల్లు తగ్గుతుంది. తగ్గిందెందుకో పిల్లలు అడిగి తెలుసుకోగలిగితే, అప్పుడు పాఠం ఫలించినట్టు.

ఇప్పుడు నీకు పని చెబుతాను. సభలోపు నీ తరగతిలో అందరినీ అడుగు. ఈ ఏడాది మీ ఇంట్లో ఏం మారింది? ఎవరైనా టీవీని రిమోట్‌తో కాక గోడ మీది స్విచ్ దగ్గరే ఆపుతున్నారా? కొత్త ఫ్యాను కొనేటప్పుడు వాట్లు చూసి కొన్నారా? పొలంలో మోటారుకి కెపాసిటర్ బిగించారా? వచ్చిన జవాబులు ఉన్నవి ఉన్నట్టు రాసుకో. ఏమీ మారని ఇళ్ళుంటే అదీ రాయి. ఆ జాబితాలోంచి నాలుగు సంగతులు వేదిక మీద చదువు. ఏ ప్రశంసాపత్రమూ మీ మేడం గారికి అంత సంతోషం ఇవ్వదు.

పెద్దవాళ్ళు శాలువా కప్పుతారు, మెమెంటో ఇస్తారు. మంచిదే, గురువుకి ఆ గౌరవం దక్కాలి. దాంతోపాటు ప్లగ్గులో పెట్టి ఏ వస్తువు ఎన్ని యూనిట్లు తీసుకుంటోందో చూసే చిన్న మీటరు ఒకటి ల్యాబుకి కొనిపెట్టమని హెడ్మాస్టరు గారిని వినయంగా అడుగు. మేడం గారి పాఠాన్ని నాలుగు పేజీల్లో రాసి, ఆవిడ చేత దిద్దించి, మండలంలోని మిగతా బళ్ళకు పంపమని కూడా అడుగు. మంచి పాఠం ఒక్క గదిలో ఉండిపోతే సన్మానం సగమే జరిగినట్టు.

వచ్చే ఏడు నువ్వు పదో తరగతికి వెళ్తావు. మేడం గారి అనుమతి తీసుకుని ఆ ప్రయోగాన్ని ఆరో తరగతి పిల్లల చేత నువ్వే చేయించు. సుద్దగీత మాత్రం మరిచిపోకు. మీ మేడం గారికి నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
ఆశీస్సులతో,
మీ తాతయ్య