పడవ అడుగున పాచి

శాన్ డియేగోలో నీళ్ళలోనే ఉండే నా చిన్న ఫైబర్‌గ్లాస్ పడవ అడుగుకి నేను రంగు వెయ్యలేదు. మామూలుగా వేసే రంగులో రాగి ఉంటుంది. అది నెమ్మదిగా కరుగుతూ, అంటుకోవడానికి వచ్చే జీవాలకు విషమవుతుంది. ఇక్కడి షెల్టర్ ఐలండ్ రేవులో అలా చేరే రాగికి 2005లో హద్దు కూడా పెట్టారు.

రంగు లేకపోతే కాపలా మనదే. కొద్ది రోజులకే అడుగున పలచని జిగట పొర పడుతుంది. ఆపైన నాచు, రొయ్యలకు చుట్టమైన బార్నకిల్ వచ్చి చేరతాయి. బార్నకిల్ పిల్ల తలను అతికించుకుని సున్నపు గుల్ల కట్టుకుంటుంది.

పళ్ళమీద పాచి గార కట్టకముందే తోముకుంటాం కదా! ఇదీ అంతే. వేసవిలో వారానికోసారి మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. ఆలస్యమైతే గోకాలి, గోకితే జెల్‌కోట్ గీతలు పడి, ఆ గరుకులో మళ్ళీ తేలిగ్గా పట్టుకుంటాయి. నెలల తరబడి వాడకపోతే పడవను ఒడ్డుకు తీసి ఆరబెట్టడమే మేలు.