గోడ పడగొట్టకముందే

చి. మేనకోడలికి,

లివోనియాలోని మీ ఇంటి ఫోటోలు చూశాను. వంటింటికీ హాలుకీ మధ్య గోడ తీసేస్తున్నారనీ, పైన పడమటి గది ఎప్పుడూ చల్లగానే ఉంటోందనీ, అందుకని కాంట్రాక్టరు ఇంకా పెద్ద ఫర్నేస్ పెట్టమంటున్నాడనీ రాశావు. దానికి అడ్వాన్సు ఇవ్వకమ్మా. ఈ ఫర్నేసుల పనిలో తల పండినవాణ్ణి, కాస్త నా మాట విను.

బేస్‌మెంట్ ఫోటో ఒకసారి పెద్దది చేసి చూడు. ఆ గోడ కిందనుంచి చదునుగా, నలుపలకగా ఒక రేకు గొట్టం పైకి వెళ్తోంది. 2×4 చెక్కల గోడలో ఇమడటానికి మూడుంబావు అంగుళాల మందం, పది అంగుళాల వెడల్పుతో చేసే గొట్టం అది. పడమటి గదికి వేడిగాలి వెళ్ళేది దాంట్లోంచే. గోడ తీసేస్తే ఆ దారీ పోతుంది. దాన్ని ఎటు మళ్ళిస్తారో కాగితం మీద గీసి చూపించమను. ఆ తర్వాతే సుత్తి పట్టుకోనివ్వు.

పెద్ద ఫర్నేస్ ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. గొట్టాలు పాతవే ఉంటే వాటిలోంచి వెళ్ళే గాలి పెద్దగా పెరగదు. మంట మాత్రం పెరుగుతుంది. లోపల గాలి మరీ కాగిపోయి, రక్షణ కోసం పెట్టిన లిమిట్ స్విచ్ మంటను ఆపేస్తుంది. కాసేపటికి మళ్ళీ వెలుగుతుంది, మళ్ళీ ఆగుతుంది. దగ్గరి గదులు ఉడికిపోతాయి, చివరి గది చలి చలిగానే ఉంటుంది. డబ్బులు పోసి చప్పుడు కొనుక్కోవడమే.

చేయవలసింది గది గదికీ లెక్క. దాన్ని మాన్యువల్ జె అంటారు. కిటికీలెన్ని, బయటి గోడ ఎంత, పైకప్పులో ఇన్సులేషన్ ఎంత, గాలి ఎక్కడ కారుతోంది, అన్నీ చూసి, గట్టి చలిలో ఆ గది గంటకు ఎంత వేడి పోగొట్టుకుంటుందో తేలుస్తారు. చదరపు అడుగుకు ఇంత అని నోటిలెక్క చెప్పేవాణ్ణి నమ్మకు. కిటికీలు మారుస్తున్నారు కదా, కొత్త కిటికీలతోనే లెక్క కట్టమను.

ఉదాహరణకు పడమటి గది గంటకు 5,400 బీటీయూల వేడి పోగొట్టుకుంటుందనుకో. గదిలో 70 డిగ్రీల ఫారెన్‌హీట్ కావాలి, వెంట్‌లోంచి గాలి 120 దగ్గర వస్తోంది. తేడా 50. ఆ 50ని గాలి లెక్కలో వాడే స్థిరాంకం 1.08తో హెచ్చవేసి, 5,400ని దాంతో భాగించు. నిమిషానికి 100 ఘనపుటడుగుల గాలి కావాలని వస్తుంది. మలుపులు తక్కువుంటే 6 అంగుళాల గుండ్రటి రేకు గొట్టం దాన్ని మోస్తుంది. అల్లుడు ముందు ముందు హీట్ పంప్ పెట్టాలంటున్నాడు కదా, అప్పుడు గాలి 100 డిగ్రీల దగ్గరే వస్తుంది. తేడా 30కి పడిపోతుంది, కావలసిన గాలి 167 అవుతుంది. 6 అంగుళాలది చాలదు. 8 అంగుళాలదైనా వేయాలి, 6వి రెండైనా లాగాలి. గోడలు తెరిచి ఉన్న ఇప్పుడే ఆ పెద్ద గొట్టం వేయించుకో. ప్లాస్టరు అయ్యాక ఎవరూ వేయరు.

మలుపుల మాటకొస్తే, ఠక్కున తిరిగే ఒక్క మోచేయి మలుపు ఎన్నో అడుగుల తిన్నని గొట్టంతో సమానమైన అడ్డంకి. కొలిచిన పొడవుకు వాటినీ కలిపే లెక్క మాన్యువల్ డి. ఫ్యాన్ ఒత్తిడి అంతా గొట్టాలకే అనుకోకు. ఫిల్టరూ, ఏసీ కాయిలూ తమ వాటా తీసుకున్నాకే మిగిలింది వాటికి దక్కుతుంది. ఒక అంగుళం మందం ఫిల్టరు చోట నాలుగంగుళాలది పెట్టిస్తే అక్కడే చాలా మిగులుతుంది. ఫ్లెక్స్ గొట్టం వాడితే సాగదీసి బిగించాలి. ముడతలు పడి వేలాడేదాంట్లో గాలి నడవదు.

అందరూ మరిచేది రిటర్న్. గదిలోకి ఎంత గాలి వెళ్తుందో అంతా వెనక్కి రావాలి. పిల్లలు తలుపు మూసుకుని పడుకుంటే ఆ గాలికి దారి ఉండదు. ప్రతి పడకగదికీ రిటర్న్ పెట్టించు, లేదంటే తలుపు పైన గోడలో జాలీ అయినా పెట్టించు. బేస్‌మెంట్‌లో దూలాల మధ్య రేకు కొట్టి రిటర్న్‌గా వాడారే, దాని సందులన్నీ మూయించు. అది బేస్‌మెంట్ గాలిని లాగేస్తే పక్కనున్న గ్యాస్ వాటర్ హీటర్ పొగ చిమ్నీలోకి పోకుండా ఇంట్లోకి తిరగొచ్చు. కార్బన్ మోనాక్సైడ్‌తో చెలగాటం వద్దు తల్లీ.

గొట్టాల అతుకులకు బ్రష్‌తో పూసే మాస్టిక్ వాడమను. గుడ్డ డక్ట్ టేపు వద్దు. 1998లో లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్ వాళ్ళు పరీక్షిస్తే అదే ముందు ఊడిపోయింది.

పాత గొట్టాల అతుకుల మీద తెల్లటి పట్టీ కనిపిస్తోంది. ఆస్‌బెస్టాస్ కావచ్చు. అల్లుణ్ణి దాన్ని గీకనివ్వకు, కోయనివ్వకు. ముక్క తీసే పనీ, పరీక్ష చేయించే పనీ దానికి లైసెన్సు ఉన్నవాళ్ళకే అప్పగించు.

కాంట్రాక్టరు గదివారీ లెక్క ఇవ్వగానే, ఫర్నేస్ మీది నేమ్‌ప్లేట్ ఫోటోతో కలిపి నాకు పంపు. లెక్క ఇవ్వనంటే ఇంకొకణ్ణి చూసుకో. ఆదివారం పొద్దున ఫోన్ చెయ్యి, ఇద్దరం కూర్చుని గొట్టం గొట్టం చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య