చమురు తెట్టు ఒడ్డుకొస్తే: చేయవలసినవి, చేయకూడనివి

2017 జనవరి 28న చెన్నై దగ్గర ఎన్నూరు తీరంలో రెండు నౌకలు ఢీకొన్నాయి. ఒలికిన చమురును జాలర్లు, విద్యార్థులు బకెట్లతో తోడిపోశారు. మన తీరానికీ ఈ ముప్పు ఉంది. కోనసీమ ఎదుట రవ్వ క్షేత్రంలో సముద్రం నుంచి చమురు తీస్తున్నారు. విశాఖ, కాకినాడ రేవులకు నౌకల రాకపోకలు ఆగవు.

చేయవలసినవి

• ముందు కోస్ట్ గార్డ్‌కు 1554 నంబరుకు ఫోన్ చేయండి. తెట్టు ఎక్కడుందో, ఎప్పుడు కనిపించిందో, ఎటు కదులుతోందో చెప్పండి.

• గాలి మీ వైపు నుంచి తెట్టు వైపు వీచే చోట నిలబడండి. కొత్తగా ఒలికిన చమురు నుంచి బెంజీన్ వంటి విషపు ఆవిర్లు లేస్తాయి. తలనొప్పి, వికారం మొదలైతే వెంటనే దూరంగా వెళ్లండి.

• తెట్టు చేరకముందే వలలు, పడవలు పక్కకు తీయండి. పాడైనవాటిని తేదీతో ఫొటో తీసి ఉంచుకోండి. పరిహారం అడిగేటప్పుడు అదే ఆధారం.

• అధికారులు పిలిచాకే శుభ్రం చేసే పనికి వెళ్లండి. చమురు ఇంకని చేతి తొడుగులు, బూట్లు, తగిన మాస్కు ఇవ్వమని అడగండి.

• ఒంటికి జిడ్డు అంటితే వంటనూనె రాసి తుడిచి, సబ్బుతో కడుక్కోండి.

చేయకూడనివి

• దగ్గర్లో బీడీ, పొయ్యి వెలిగించవద్దు.

• కిరోసిన్, పెట్రోలుతో చర్మం కడగవద్దు.

• సబ్బుపొడి, రసాయనాలు చల్లవద్దు. చమురు మాయం కాదు. సన్నని చుక్కలై నీళ్లలోకి దిగి చేపగుడ్లను, చేపపిల్లలను చంపుతుంది.

• జిడ్డు ఇసుకను అక్కడే పూడ్చవద్దు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టేది ఆ ఇసుకలోనే.

• మడ అడవుల్లోకి దిగి తొక్కవద్దు. బురదలోకి దిగబడిన చమురు ఏళ్ల తరబడి పోదు.

• జిడ్డు అంటిన పక్షులను మీరే కడగవద్దు. అటవీ శాఖకు చెప్పండి.

• చమురు వాసన కొట్టే చేపలు తినవద్దు, అమ్మవద్దు.

రిగ్గు మీద పనిచేసేవారికి

2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. 87 రోజులు చమురు కారింది. బావిలో పీడనం చూసే పరీక్ష ఫలితాన్ని పొరపాటుగా చదివారు. ప్రధాన అలారం దానంతట అది మోగకుండా ముందే ఆపి ఉంచారని విచారణలో ఒక ఉద్యోగి చెప్పాడు.

• పరీక్ష ఫలితం తేడాగా ఉంటే పని ఆపించండి. గడువు మించుతోందన్న మాటకు లొంగవద్దు.

• ఊరికే మోగుతోందని అలారం కట్టేయవద్దు; ఎందుకు మోగుతోందో చూడండి.

• మస్టర్ డ్రిల్లును (ప్రమాదవేళ అందరూ ఒకచోట చేరే అభ్యాసాన్ని) సంతకంతో సరిపెట్టవద్దు.

ఆ ప్రమాదం తర్వాత అమెరికా, చమురు ఆదాయం వసూలు చేసే పనినీ భద్రతా తనిఖీనీ వేర్వేరు సంస్థలకు అప్పగించింది. మన దగ్గర 2008 నియమాల ప్రకారం సముద్రంలో చమురు పనుల భద్రతను చూసేది ఆయిల్ ఇండస్ట్రీ సేఫ్టీ డైరెక్టరేట్. తనిఖీదారు వచ్చినప్పుడు లోపం దాచవద్దు. మీ ప్రాణం, తీరం బతుకు రెండూ ఆ తనిఖీ మీదే ఆధారపడి ఉన్నాయి.