పటమును భద్రపఱచు రెండు విధములు

విద్యార్థులారా! తరగతి గోడకు వ్రేలాడు పటమును మీరు ప్రతిదినము చూచుచున్నారు. అట్టి పటమే కంప్యూటరులో ఏ రూపమున నిలువయుండునో ఈ పాఠమున తెలిసికొందము. ఇందులకు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలే మనకు చాలిన ఉదాహరణములు.

పట్టిక పద్ధతి.— హాజరుపట్టీయందువలె అడ్డవరుసలు, నిలువువరుసలు గల పట్టికలలో సంగతులను వ్రాసియుంచుట మొదటి విధము. ఇట్టి సంగతుల కొట్టును రిలేషనల్ డేటాబేసు అందురు. ఐ.బి.యం. సంస్థయందు పనిచేసిన ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు 1970లో దీనికి గణితపు పునాది వేసెను. ఒక పట్టికలో ఊరిపేరు, జిల్లా, అక్షాంశము, రేఖాంశము ఉండును. మఱియొక పట్టికలో ప్రతి రోడ్డును ఏ యూరినుండి ఏ యూరికి పోవునో, దాని నిడివి యెంతయో ఉండును. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా యేర్పడినప్పుడు కోదాడ వరుసలో నల్లగొండ అను పేరు తీసి సూర్యాపేట అని వ్రాసిన చాలును. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే నిలిచెను గనుక ఆ వరుసను తాకనక్కఱలేదు. ఒక జిల్లాలోని ఊళ్లెవ్వియని అడిగినచో పట్టిక చక్కగా బదులు చెప్పును.

గ్రాఫు పద్ధతి.— జిల్లా మాఱినను రోడ్లు మాఱలేదు గదా! ఊళ్లను చుక్కలుగను, రోడ్లను వానిని కలుపు గీతలుగను ఎంచుట రెండవ విధము. 1736లో ఆయిలరు అను గణితవేత్త కోనిగ్స్‌బర్గు పట్టణపు ఏడు వంతెనల సమస్యను ఈ రీతినే విచారించెను. నియోఫోర్‌జే మొదలగు గ్రాఫు డేటాబేసులలో ప్రతి చుక్కయు తన్నంటిన గీతలను తనయొద్దనే ఉంచుకొనును. సూర్యాపేట యొద్ద నిలిచినచో కోదాడకు పోవు సుమారు 45 కిలోమీటర్ల గీత వెంటనే దొరకును. కోదాడనుండి హుజూర్‌నగరునకును, అచ్చటనుండి మిర్యాలగూడకును అట్లే సాగవచ్చును. పట్టికలలోనైతే ప్రతి మజిలీకిని రోడ్లపట్టికను మరల వెదకి జతపఱుపవలెను. మజిలీలు పెరిగినకొలది ఆ శ్రమయు పెరుగును.

ఈ భేదము మన బ్రదుకులకు సంబంధించినదే. 2024 సెప్టెంబరు మొదటి దినములలో పాలేరు పొంగి, కోదాడ కావల హైదరాబాదు–విజయవాడ రహదారిపై రాకపోకలు నిలిచిపోయెను. అప్పుడు వాహనములను నార్కట్‌పల్లి, నల్లగొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, గుంటూరు మీదుగా మళ్లించిరి. ఒక గీత తెగినప్పుడు మిగిలిన గీతలలో దగ్గఱదారిని వెదకుటకు 1959లో డైక్‌స్ట్రా ప్రకటించిన పద్ధతి నేటికిని ఉపయోగపడుచున్నది. రోగిని ఆసుపత్రికి గొనిపోవువాడు ఆ దినమున ఊరి జిల్లాపేరు అడుగడు. దారి యెటని అడుగును.

ఏది మేలు?— రెండును మేలేయని మేము చెప్పుదుము. 2004లో ఆరంభమైన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను లోకపటము తన మూలసంగతులను పోస్ట్‌గ్రెస్ అను పట్టికల డేటాబేసులోనే ఉంచుచున్నది. దారిచూపు సాధనములు ఆ సంగతులనే తీసికొని తమకు వలయు గ్రాఫును అల్లుకొనును. ధాన్యమునకు గాదె, నీటికి కుండ తగినట్లు, అడుగబోవు ప్రశ్నను బట్టి పద్ధతిని ఎన్నుకొనవలెను.

అభ్యాసము
1. మీ యూరినుండి బడికి వచ్చు దారులలోని ఊళ్లను, రోడ్లను రెండు పట్టికలుగా వ్రాయుడు.
2. వానినే చుక్కలు, గీతలుగా గీయుడు.
3. ఒక్కొక్క గీతను చెఱిపి, వేఱుదారి కలదేమో చూడుడు. ఏ గీత చెఱిపినచో మీ యూరు ఒంటరియగునో, ఆ రోడ్డును గూర్చి మీ పెద్దలకు తెలుపుడు.